పాఠం గడగడా చదువుతాడు, మాట అడిగితే రాదు: ఒకటి, రెండు తరగతుల తెలుగుకు ఇంట్లో మరమ్మతు

ఒకటి, రెండు తరగతుల పిల్లల తెలుగు గురించి అమ్మానాన్నలు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదులు నాలుగైదే. ఏళ్ళ తరబడి అవే. వచ్చేసరికే గోడకు చార్టు అంటించి ఉంటారు, ఫోన్‌లో యాప్ వేసి ఉంటారు, ట్యూషన్ కూడా మాట్లాడేసి ఉంటారు. రెండు నిమిషాల్లో అయిపోయే పరీక్ష మాత్రం ఒక్కరూ చేసి ఉండరు. అందుకే ముందు అదే చెబుతాను.

ముందు ఇది చూడండి

తెల్ల కాగితం మీద అయిదు మాటలు పెద్దగా రాయండి. తల, పలక, గడప, మేక, పులి లాంటివి. బొమ్మలు వద్దు, వాచకంలో ఉన్న వరస వద్దు. మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి నాన్నా?" అనండి. అయిదింట్లో నాలుగు చెబితే మాటలు వచ్చినట్టే. ఈ లెక్క నా సొంతం కాదు, 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు చూస్తున్న అసర్ సర్వేవాళ్ళది. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ అని నాలుగు మెట్లు. పిల్లవాడు ఎక్కడ ఆగాడో ఒక్క కాగితంతో, ఇంటి అరుగు మీదే తేల్చేస్తారు.

ఆగిన మెట్టు దగ్గరే పని మొదలుపెట్టాలి. వాడిది రెండో తరగతి కదా, అక్షరాల దగ్గరికి వెనక్కి వెళ్ళడమేంటని నామోషీ పడితే ఏడాది పోతుంది.

పాఠం గడగడా వస్తుంది, అదే మాట వేరేచోట రాదు

ఇదే దొంగ జబ్బు. నన్నే ముంచింది.

మా అన్నయ్య కొడుకు ఒకటో తరగతి చివర్లో వాచకం మొత్తం చదివేసేవాడు. వచ్చిన ప్రతి చుట్టం ముందూ వాణ్ణి కూర్చోబెట్టేవాళ్ళం. "వీడికి చదవడం వచ్చేసింది వదినా, ఇంక బెంగ పెట్టుకోకు" అని సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. ఒకరోజు మామిడి రసం పడి రెండు పేజీలు అతుక్కుపోయాయి. వాడు చూసుకోకుండా రెండూ కలిపి తిప్పేశాడు. వేలు కోడిపుంజు బొమ్మ కింద కదులుతోంది, నోరు మాత్రం అతుక్కుపోయిన పేజీలోని సంత గురించి చెబుతోంది. ఒక్క మాట తప్పు పోలేదు. "ఏదీ, 'కోడి' ఎక్కడుందో చూపించు" అన్నాను. "మొదటినుంచి చదవనా అత్తా?" అన్నాడు.

వాడు ఏడాదంతా చేసింది అప్పజెప్పడం. బడిలో టీచర్ ఒక వాక్యం చెబితే ముప్పై మంది కలిసి అంటారు. ఇంట్లో అక్క చదువుతుంటే మళ్ళీ వింటాడు. ఇరవై సార్లు విన్న పాఠం ఆ వయసు పిల్లలకు పాటలా పట్టుబడిపోతుంది. బొమ్మ చూడగానే మొదటి వాక్యం వస్తుంది, దాని వెనకే మిగతావన్నీ. ఇందులో పిల్లల మోసం ఏమీ లేదు. చదవడమంటే ఇదేనని వాళ్ళు నిజంగానే అనుకుంటారు.

తప్పుల్లేకుండా చదువుతున్నాడంటేనే అనుమానించండి. నిజంగా అక్షరం చూసి చదివే ఒకటో తరగతి పిల్లవాడు తడబడతాడు, వెనక్కి వెళ్తాడు, 'బడికి' దగ్గర ఆగి 'బ... డి... బడికి' అంటాడు. అప్పజెప్పేవాడి వేగం మారదు, కళ్ళు కిటికీలోంచి బయటికి పోతాయి. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికే రావాలి.

ఇదే జబ్బు గుణింతంలోనూ ఉంటుంది. 'క కా కి కీ' మొత్తం తాళం తప్పకుండా చెబుతాడు. 'కే' అని రాసి అడగండి. పెదవులు మెల్లగా కదలడం మొదలైతే వాడు 'క' నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తున్నాడన్నమాట. ఏత్వం గుర్తును చూసి చెప్పడం వాడికింకా రాలేదు.

పోనీ 'పదిసార్లు రాయి' అంటే? ఆ కాపీ పుస్తకం ఒకసారి తెరిచి, వాడు రాస్తుండగా పక్కన నిలబడి చూడండి. 'కమల' అని పదిసార్లు రాయమంటే ముందు క కింద క, పది కలు దించుతాడు. తర్వాత పది మలు. ఆఖర్న పది లలు. పేజీ నిండింది, 'కమల' అన్న మాట ఒక్కసారి కూడా వాడి కళ్ళలో పడలేదు.

బాగుచెయ్యడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గుణింతాన్ని అడ్డంగా చెప్పించడం కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఒక గుర్తు పట్టుకుని నిలువుగా వెళ్ళండి. ఈ వారం గుడి ఒక్కటే: కి, గి, చి, తి, పి, లి. వెంటనే దానితో వచ్చే మాటలు: బడి, గడి, చిలక, పిలక, గిలక, తిరగలి. గుడి తప్ప వేరే గుర్తు లేని మాటలే ఏరుకోండి. పిల్లవాడు 'తిరగలి' చదివి "తిరగలి అంటే ఏంటి?" అని అడిగాడంటే పని జరుగుతున్నట్టే, ఎందుకంటే బట్టీ పట్టినవాడికి ఆ అనుమానం రాదు. మా వీధిలో ఒక పిల్లకు తిరగలి చూపించడానికి మూడిళ్ళు తిరిగాం, అది వేరే సంగతి.

రెండో పని వంటింట్లో. డబ్బాలకు చీటీలు అంటించండి: ఉప్పు, పప్పు, పసుపు, పెసలు, మినుములు. వంట చేస్తూ "పప్పు డబ్బా అందుకో" అనండి. చాలామంది ఇక్కడిదాకా చేసి ఆగిపోతారు. మూడోరోజుకి వాడికి చీటీతో పనుండదు, ఎర్ర మూత డబ్బా పప్పుదని తెలిసిపోతుంది. అది కూడా బట్టీయే, కాకపోతే కళ్ళతో పట్టిన బట్టీ. అందుకని రోజూ రాత్రి చీటీలు మార్చేయండి. పొద్దున్న "ఏ చీటీ తప్పు డబ్బా మీద ఉందో పట్టుకో" అనండి. ఉప్పుకీ పప్పుకీ తేడా మొదటి అక్షరంలోనే, కాబట్టి అక్షరం చూడక తప్పదు. అమ్మను తప్పు పట్టే ఛాన్స్ వస్తే పిల్లలు ఎంతసేపైనా చూస్తారు.

వాచకం కూడా చదివించండి, కానీ కింది వాక్యం నుంచి పైకి. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు పిల్లవాడు డీలా పడతాడు, ఒక్కోసారి ఏడుస్తాడు కూడా. నిన్నటిదాకా శభాష్ అన్నవాళ్ళే ఈరోజు ఆపుతుంటే ఏడవడా మరి. "పాఠం నీకు వచ్చు, ఇప్పుడు మాటల్ని పట్టుకునే ఆట ఆడుతున్నాం" అని చెప్పండి. చుట్టాల ముందు మాత్రం చదివించకండి.

అక్షరాలన్నీ వస్తాయి, కలిపితే మాట రాదు

'ప', 'ల', 'క' విడివిడిగా చెప్పి, మొత్తం ఏంటంటే 'కలప' అంటాడు. కారణం, అక్షరానికీ అక్షరానికీ మధ్య పెద్దవాళ్ళు నేర్పిన విరామం. ఒక్కొక్కటి చెప్పించి, "వెరీగుడ్" అని, తర్వాతది చూపిస్తారు. మూడోదానికి వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. రెండక్షరాల మాటలతో మొదలుపెట్టి, మొదటి అక్షరాన్ని సాగదీసి ఊపిరి తెంపకుండా రెండోదాంట్లోకి వెళ్ళమనండి: తఽల, వఽల, అఽల. తర్వాత పడవ, ఉడత. ఇది పది పదిహేను రోజుల్లో సర్దుకుంటుంది.

నెలను నేల అంటాడు, 'వు' చూసి 'మ' అంటాడు

పొట్టి, పొడుగు తేడా చెవికి తెలియకపోతే కంటికీ తెలియదు. కాబట్టి ముందు నోటితో ఆడించండి: నెల-నేల, మెడ-మేడ, కొన-కోన, పుట-పూట. మీరు 'మెడ' అంటే మెడ పట్టుకోవాలి, 'మేడ' అంటే పైకి చెయ్యి చూపాలి. అది కుదిరాకే కాగితం.

'వు', 'మ' విషయంలో పిల్లవాడి తప్పు తక్కువ. వ పక్కన మామూలుగా కొమ్ము పెడితే అది మలాగే కనిపిస్తుంది. అందుకే వు, పు లకు కొమ్మును కింది నుంచి తీసుకొస్తారు. ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పరు. పలక మీద 'మ', 'వు' పక్కపక్కన పెద్దగా రాసి, కొమ్ము ఎక్కడ పుడుతోందో వేలితో దిద్దించండి.

ఒత్తుల దగ్గర ఆగేవాళ్ళకీ దాదాపు ఇదే మందు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే, చూపిస్తే గుర్తుపడతారు. త, న, మ, య, ర, ల ఒత్తులకే పోలిక ఉండదు కాబట్టి ఆ ఆరింటినీ అత్త, అన్న, అమ్మ, అయ్య, వెర్రి, పిల్ల అని మాటలతోనే నేర్పండి.

కూర్చోడు

బడి నుంచి వచ్చి ఎంతసేపైంది, ఏమైనా తిన్నాడా, టీవీ ఆపారా? ఈ మూడూ చూసుకోకుండా 'ఏకాగ్రత లేదు' అని నాకు చెప్పకండి. ఆరేళ్ళవాడికి పదిహేను నిమిషాలు చాలు. గంట కూర్చోబెడితే మిగతా ముప్పావుగంట మీ అరుపులకే సరిపోతుంది.

మిగతావి

పుస్తకం ముక్కుకు ఆనించుకుంటే, తల ఒక పక్కకి వంచి చూస్తుంటే కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెనక నుంచి పిలిస్తే పలక్కపోతే చెవులు చూపించండి. పైవన్నీ మూడు నాలుగు నెలలు సరిగ్గా చేసినా అక్షరాలే నిలవకపోతే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం మాత్రం కష్టమయ్యే ఇబ్బంది, ఉందేమో నిపుణులు తేల్చాలి. డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే రోజుల్లో కూడా రాత్రిపూట డబ్బాల మీద చీటీలు మారుస్తూనే ఉండండి.