ఇంటి వేపుళ్ళు – నాలుగో పాఠం: కుందేలు వేపుడు

పోయిన పాఠంలో నాటుకోడి వేపుడు చేశాం. తోలు కింద ఉన్న కొవ్వు కరిగి, కోడి చాలావరకు తన నూనెలో తనే వేగిపోయింది. మంట కాస్త ఎక్కువైనా ఆ కొవ్వే మనల్ని కాపాడింది. కుందేలు దగ్గర ఆ అండ లేదు. తోలు వలిచేస్తాం, లోపల చూస్తే మూత్రపిండాల చుట్టూ చిటికెడు తెల్ల కొవ్వు తప్ప ఇంకేమీ కనబడదు. అందుకే ఈ పాఠంలో పని తిరగబడుతుంది. ముందు ముక్కలో తడి పోకుండా మగ్గించాలి, వేయించడం ఆఖరి ఐదు నిమిషాలే.

నేను మొదటిసారి చేసినప్పుడు ఇది తెలియదు. కోడి లాగే బాండ్లిలో వేసి పెద్ద మంట మీద నలభై నిమిషాలు తిప్పాను. పైన నల్లబడింది, లోపల పీచుపీచుగా ఎండిపోయింది. పండక్కి వచ్చిన పెద్దమ్మ ఒక ముక్క నమిలి, ఏమీ అనకుండా సంగటిలో పప్పు కలుపుకుంది. ఆ కనుమ నాటి నుంచి ఎన్నోసార్లు చేసి కుదుర్చుకున్న పద్ధతి ఇది.

ఏ కుందేలు?

ముందు ఈ మాట తేల్చుకుందాం. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పెద్దవాళ్ళు కుందేలంటే అడవి కుందేలే అనుకుంటారు. తలకోన వైపు, పలమనేరు పక్క కౌండిన్య అడవుల దగ్గర, చెనిక్కాయ చేలల్లో వాళ్ళు చూసింది దాన్నే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడటం, అమ్మడం, కొనడం నేరం. ఎవరైనా రహస్యంగా తెచ్చి ఇస్తామన్నా వద్దనండి. మనం వండేది ఫారాల్లో పెంచే కుందేలు. రెండూ వేరువేరు జాతులు. మాంసం చూసి కూడా పోల్చుకోవచ్చు. పెంపుడు కుందేలు మాంసం కోడి మాంసంలా లేత గులాబీ రంగులో ఉంటుంది, అడవి కుందేలుది ముదురు ఎరుపు. అంగడిలో ముదురు ఎరుపు మాంసం కనబడితే తిరిగి వచ్చేయండి.

మూడు నెలల వయసు, రెండు కిలోల బరువు ఉన్నది వేపుడుకు మేలు. వలిచి శుభ్రం చేస్తే సుమారు కిలో మాంసం వస్తుంది, నలుగురికి చాలు. ఆరు నెలలు దాటిన ముదురు కుందేలైతే పులుసు పెట్టుకోండి.

కొనేటప్పుడు లివరు అడిగి చూడండి. నున్నగా, ముదురు రంగులో ఉండాలి. దాని మీద తెల్లటి, పసుపుపచ్చటి చుక్కలు కనబడితే ఆ జంతువుకు లివరు జబ్బు ఉందని అర్థం, తీసుకోవద్దు. ఇంకొక సంగతి, కోసిన గంటలోనే వండితే మాంసం బిగుసుకుని ఉంటుంది. ముందురోజు సాయంత్రం తెచ్చి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మెత్తబడుతుంది.

కత్తి పని

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, తొందరపడకండి. అంగడిలో "అన్నా, ముక్కలు కొట్టొద్దు, అట్లే ఇచ్చేయ్" అని చెప్పండి. కుందేలు ఎముక సన్నం, పెళుసు. కత్తితో టకటకా కొడితే సూదుల్లాంటి పెంకులు మాంసంలోకి దిగిపోతాయి. పిల్లలు తినే ఇంట్లో అది ప్రమాదం. కీళ్ళ దగ్గర చిన్న కత్తితో విడదీస్తే ఒక్క పెంకు కూడా రాదు.

ముందు కాళ్ళతో మొదలుపెట్టండి, అవే సులువు. భుజాన్ని ఒంటికి పట్టి ఉంచేది కండరమే, అక్కడ ఎముకల కీలు లేదు. కాలిని పక్కకు లాగి పట్టుకుని, భుజం కింద పక్కటెముకలను ఆనించి కత్తి నడిపితే ఊడి వస్తుంది. వెనక తొడలకు మాత్రం గిన్నె కీలు ఉంటుంది. తొడను వెనక్కి వంచితే 'టక్' మని కీలు బయటికి వస్తుంది, ఆ సందులో కోయండి. తర్వాత మోకాలి దగ్గర కూడా ఇలాగే విరిచి తొడను రెండు ముక్కలు చేయండి.

ఇక మిగిలేది నడుము. పక్కటెముకలు అయిపోయిన చోటి నుంచి తుంటి దాకా వెన్ను రెండు పక్కలా ఉండే కండ కుందేలులో అన్నిటికంటే మెత్తనిది. దాని మీద వెండి రంగులో మెరిసే పల్చటి పొర ఉంటుంది. అది ఎంత ఉడికినా కరగదు, వేడికి ముడుచుకుని ముక్కను పిండేస్తుంది. కత్తి మొనను పొర కిందికి దూర్చి, వేలితో పట్టుకుని లాగేయండి. పది నిమిషాలు పట్టినా ఓపికగా తీయండి. ఆ తర్వాత వెన్నుపూసల మధ్య సందు వేలితో తడిమి చూసుకుని, నడుమును మూడు ముక్కలు చేయండి. మెడ, పక్కటెముకలు విడిగా పెట్టండి, అవి వేపుడుకు పనికిరావు.

ఊరబెట్టడం

లీటరు నీళ్ళలో రెండు టేబుల్ స్పూన్ల కల్లుప్పు కరిగించి, ముక్కలు మునిగేలా వేసి ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచండి. ఉప్పునీళ్ళు మాంసంలోకి ఇంకి, వేడి తగిలినప్పుడు తడి అంత తేలిగ్గా పోకుండా చూస్తాయి. మన ఎండలకు బయట పెట్టొద్దు. తర్వాత కడిగి, పొడి గుడ్డతో ఒత్తి తుడిచి, నాలుగు స్పూన్ల పెరుగు, రెండు స్పూన్ల అల్లం తెల్లగడ్డ ముద్ద, అర స్పూను పసుపు, స్పూను కారం పట్టించి ఇంకో గంట ఉంచండి. ఉప్పు మళ్ళీ వేయొద్దు. పచ్చి బొప్పాయి కూడా వద్దు. ముదురు పొట్టేలు మాంసానికి అది మంచిదే గానీ, లేత కుందేలు దానితో పిండి పిండిగా అయిపోతుంది.

మగ్గించడం

అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు స్పూన్ల చెనిక్కాయల నూనె వేడిచేసి, ముందు వెనక తొడల ముక్కలు మాత్రమే వేయండి. రెండు పక్కలా రంగు తిరిగాక మంట బాగా తగ్గించి, పళ్ళెం మూతపెట్టి, ఆ పళ్ళెంలో నీళ్ళు పోయండి. పైన నీళ్ళున్నంతసేపు లోపలి ఆవిరి పళ్ళేనికి తగిలి చుక్కలై తిరిగి మాంసం మీదే పడుతుంది. మా అవ్వ అన్ని వేపుళ్ళూ ఇలాగే చేసేది. గిన్నెలో అడుగంటుతున్నట్టు అనిపిస్తే పళ్ళెంలో కాగిన నీళ్ళే రెండు గరిటెలు పోసుకోవచ్చు.

పది నిమిషాలయ్యాక ముందరి కాళ్ళు వేయండి. ఇంకో పదిహేను నిమిషాలకు నడుము ముక్కలు. అక్కడి నుంచి ఎనిమిది, పది నిమిషాలు చాలు. అన్నీ ఒకేసారి వేస్తే తొడ ఉడికేసరికి నడుము ఎండిపోతుంది. కుందేలు వేపుడు గట్టిగా ఉంటుందని వదిలేసినవాళ్ళలో చాలామంది చేసే తప్పు ఇదేనని నా నమ్మకం.

ఉడికిందో లేదో గడియారం కంటే ఎముక బాగా చెబుతుంది. కాలి చివర మాంసం పైకి జరిగి, అర అంగుళం ఎముక బయటపడాలి. తొడ మందంలో గుచ్చితే వచ్చే రసం తేటగా ఉండాలి, ఎర్రగా వస్తే ఇంకా మూత తీయకండి.

వేయించడం

ఇది మగ్గుతుండగానే పొడి చేసుకోండి. రెండు స్పూన్ల ధనియాలు, స్పూను మిరియాలు, అర స్పూను జీలకర్ర, నాలుగు ఎండుమిరక్కాయలు, మూడు లవంగాలు, చిన్న చెక్క ముక్క. సన్న మంట మీద వేయించి రోట్లో బరకగా దంచాలి.

ముక్కలు బయటికి తీసి, గిన్నెలో రసం ఉంటే పక్కన పెట్టండి. వెడల్పాటి బాండ్లిలో నాలుగు స్పూన్ల నూనె కాచి, సన్నగా తరిగిన రెండు ఎర్రగడ్డలు, నాలుగు పచ్చిమిరక్కాయలు, రెండు రెమ్మల కరేపాకు వేసి ఎర్రగా వేయించండి. పొడి వేసి, వాసన రాగానే రసం పోసి, దగ్గరపడ్డాక ముక్కలు వేసి మంట పెంచండి. నాలుగైదు నిమిషాలు, గరిటెతో పొడవకుండా బాండ్లిని ఎగరేసి తిప్పండి. మసాలా ముక్కకు అంటుకుని నూనె అంచులకు రాగానే దించేయండి. ఉప్పు చూసుకోవడం ఇప్పుడే. కొత్తిమీర, అర నిమ్మకాయ రసం. వేడి సంగటిలోకి వెంటనే వడ్డించండి, ఆరితే కుందేలు బిగుస్తుంది.

ఈ వారం అభ్యాసం

మొదటిసారి అరకిలో తొడలతోనే చేయండి. ఇరవై, ముప్పై, నలభై నిమిషాలకు ఒక్కో ముక్క తీసి, ఎముక ఎంత బయటపడిందో, ముక్క ఎంత మెత్తగా ఉందో నోటు పుస్తకంలో రాసుకోండి. మీ పొయ్యి, మీ గిన్నె లెక్క దానితో తెలుస్తుంది. రెండోసారి పూర్తి కుందేలు.

మెడ, పక్కటెముకలు పారేయొద్దు. కడిగి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకోండి, అయిదో పాఠంలో వాటితో మిరియాల చారు కాస్తాం.