మెజెస్టిక్ భూగర్భ మెట్రో స్టేషన్‌ను తీరిగ్గా చూడాలంటే

అనంతపురం నుంచి బెంగళూరుకు వెళ్లే మనవాళ్లలో చాలామందికి మెజెస్టిక్ అంటే బస్టాండే గుర్తుకు వస్తుంది గానీ, ఆ బస్టాండు పక్కన నేల కింద ఉన్న మెట్రో స్టేషనంటే నాకు ప్రాణం. కెంపేగౌడ పేరు పెట్టిన ఈ స్టేషన్‌లో ఊదా రంగు మార్గం 2016 ఏప్రిల్‌లోనూ, ఆకుపచ్చ మార్గం 2017 జూన్‌లోనూ మొదలయ్యాయి. రెండూ నేల కిందే ఒకదాన్నొకటి దాటుకుంటాయి.

ఆఫీసుల వేళలో వెళ్తే జనం తప్ప ఏమీ కనిపించదు కాబట్టి మధ్యాహ్నం వెళ్లడం మంచిది. యశ్వంతపురంలో రైలు దిగినవారు ఆకుపచ్చ మార్గంలో నేరుగా ఇక్కడికి రావచ్చు. లోపలికి వెళ్లేముందు సామాను తనిఖీ ఉంటుంది. మా అమ్మ తెచ్చిన శనక్కాయల మూటను చూసి అక్కడి ఉద్యోగి ఏమిటని అడిగితే, అమ్మ "కడలేకాయప్పా" అంది. ఆయన నవ్వి మూటను తానే ఎత్తి అందించారు. పెద్దవాళ్లకు కదిలే మెట్లంటే భయమైతే లిఫ్టు వైపు తీసుకువెళ్లండి. టోకెన్‌ను బయటికి వచ్చేదాకా జాగ్రత్తగా ఉంచుకోవాలి. ఒక మార్గం నుంచి మరో మార్గానికి మారడానికి గేటు దాటనక్కరలేదు, మళ్లీ టికెట్టూ కొననక్కరలేదు. ఎలక్ట్రానిక్ సిటీలో పిల్లలు ఉద్యోగం చేస్తున్నవారు ఆకుపచ్చ మార్గంలో ఆర్.వి. రోడ్డు దాకా వెళ్లి, 2025 ఆగస్టులో మొదలైన పసుపు మార్గంలోకి మారవచ్చు.

అక్కడి బోర్డులను కన్నడంలోనే చదవడానికి ప్రయత్నించండి. మన అక్షరాలకు తలకట్టు కొంచెం మార్చినట్టుగా ఉండే ఆ లిపి నాలుగు బోర్డులు చూసేసరికి పట్టుబడుతుంది. రైల్లో "ముందిన నిల్దాణ" అని వినిపిస్తే తరువాతి స్టేషన్ అని అర్థం. "బాగిలు" అన్న మాటలో మన వాకిలి కనబడుతుంది.

ఇక నేను ఈ స్టేషన్‌కు పదేపదే వెళ్లేది గాలి కోసం. మన అనంతపురం స్టేషన్‌లో రైలు వస్తోందంటే ముందు దూరాన దీపం కనిపిస్తుంది. ఇక్కడ సొరంగం ఇరుకుగా ఉండటంవల్ల, సైకిలు పంపులో కడ్డీ గాలిని తోసినట్టు రైలు తన ముందున్న గాలినంతా తోసుకుంటూ వస్తుంది; అందుకే దీపం కనిపించకముందే చల్లని గాలి ముఖానికి తగులుతుంది. అది బాగా తెలియాలంటే రైలు వచ్చే వైపున్న ప్లాట్‌ఫారం చివర, పసుపు గీతకు వెనకే నిలబడాలి. పైన తీగలు లేవు గదా అని ఏమరుపాటుగా ఉండకూడదు. పట్టాల పక్కన నడిచే మూడో పట్టాలో 750 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. తొందర లేకపోతే ఒక రైలును వదిలేయండి. మా అమ్మ ఇప్పుడు ప్రతిసారీ అలాగే చేస్తుంది. కొంగు ముందుగా కదలగానే "వస్తా ఉంది" అని నాకు చెప్పి, మూట చేతికి తీసుకుంటుంది.