ప్రోటీన్ స్థిరత్వం కొలుద్దాం – 3: యూరియా గ్రాఫ్ నుంచి డెల్టా జి

క్రితం పాఠంలో ప్రోటీన్ మడతను విప్పే రసాయనమైన యూరియా గాఢత పెంచుకుంటూ వరసగా ద్రావణాలు కలిపి, ఒక్కోదాంట్లో ఒకే మోతాదు ప్రోటీన్ వేసి, ఫ్లోరసెన్స్ (ప్రోటీన్ వెదజల్లే వెలుగు, మడత విప్పుకుంటే మారుతుంది) కొలిచి గ్రాఫ్ గీశాం. ఎడమవైపు ప్రోటీన్ మడతలోనే ఉన్నప్పటి, కాస్త వాలుగా సాగే గీత, మధ్యలో నిలువుగా దిగే భాగం, కుడివైపు అంతా విప్పుకున్నాక మళ్లీ ఒక గీత వచ్చి ఉంటాయి. ఇవాళ ఆ గ్రాఫ్ నుంచి ఒకే ఒక్క అంకె రాబట్టాలి. యూరియా అసలు లేని బఫర్‌లో (ఆమ్లత్వం మారకుండా ఉంచే నీటి ద్రావణంలో) ఈ ప్రోటీన్ మడత విప్పాలంటే ఎంత స్వేచ్ఛాశక్తి కావాలి? దాన్ని ‘నీటిలో డెల్టా జి’ అందాం.

నీటిలో విలువ కావాలంటే నీటిలోనే కొలిస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. మోల్‌కి 6 కిలోక్యాలరీల స్థిరత్వం ఉన్న ప్రోటీన్ తీసుకోండి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 25,000 అణువులకు ఒక్కటే మడత విప్పుకుని ఉంటుంది. ఆ ఒక్కదాని వెలుగును మన యంత్రం విడిగా పట్టుకోలేదు. మడతపడినవీ విప్పుకున్నవీ రెండూ కొలతకు అందేంతగా ఉండేది ఆ నిలువు దిగుడులోనే. అక్కడ కొలిచి, సున్నా యూరియా దాకా లెక్కతో వెనక్కి నడవాలి.

ఈ వెనక్కి నడిచే దారిని మనందరికీ సుగమం చేసినవాడు అమెరికన్ జీవభౌతిక శాస్త్రవేత్త నిక్ పేస్. డ్యూక్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ టాన్‌ఫర్డ్ దగ్గర డాక్టరేట్ చేశాడు. పాలలో ఉండే బీటా లాక్టోగ్లోబ్యులిన్‌ను 5 నుంచి 55 డిగ్రీల దాకా రకరకాల ఉష్ణోగ్రతల్లో యూరియాతో విప్పి చూశాడు. గురుశిష్యులిద్దరూ ఆ ఫలితాలను 1968లో ప్రచురించారు. ఆ ప్రోటీన్ 35 డిగ్రీల దగ్గరే అన్నిటికన్నా గట్టిగా ఉందనీ, అక్కడి నుంచి వేడి చేసినా చల్లబరిచినా బలహీనపడుతోందనీ తేలింది. చల్లబరిస్తే ఏదైనా గట్టిపడుతుందనుకునేవాళ్లు ఈ మాట దగ్గర తప్పక ఆగి ఆలోచించాలి.

తర్వాత పేస్ టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. గ్రీన్ అనే సహ పరిశోధకుడితో కలిసి 1974లో రైబోన్యూక్లియేజ్, లైసోజైమ్, ఆల్ఫా కైమోట్రిప్సిన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్‌లను యూరియాతోనూ, మడత విప్పే మరో రసాయనమైన గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌తోనూ విప్పి చూశాడు. ఆ రోజుల్లో వెనక్కి లెక్కగట్టడానికి చిక్కు సూత్రాలు కూడా ఉండేవి. యూరియా గాఢతతో పాటు డెల్టా జి సరళరేఖలో తగ్గుతుందనే తేలికైన పద్ధతే చివరికి లోకమంతా వాడుకలోకి వచ్చింది. నా దృష్టిలో పేస్ గొప్పదనం ఒక్క సూత్రంలో లేదు. ఏ ప్రయోగశాలలోనైనా, ఖరీదైన యంత్రాలు లేకపోయినా, కొత్త విద్యార్థి సైతం నమ్మదగ్గ అంకె తీయగలిగేలా ప్రతి మెట్టూ విడమరిచి రాసిపెట్టడంలో ఉంది.

ఇక లెక్కలోకి దిగుదాం. ఈ అంకెలు సాధన కోసం నేను కల్పించినవి. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. 4.5 మోలార్ (లీటరుకు 4.5 మోల్‌ల) యూరియాలో ఫ్లోరసెన్స్ 74.5, 5 మోలార్‌లో 60, 5.5 మోలార్‌లో 46.5.

మొదటి పని ఆధారరేఖలు, అంటే దిగుడుకు రెండు వైపులా ఉన్న గీతలు. ఎడమవైపు గీతను కుడికి పొడిగించండి. మన గ్రాఫ్‌లో అది 100 దగ్గర మొదలై మోలార్‌కి 2 చొప్పున దిగుతోంది. కుడివైపు గీతను ఎడమకు పొడిగిస్తే సున్నా యూరియా దగ్గర 20ని తాకుతుంది. అక్కడి నుంచి చూస్తే అది మోలార్‌కి 2 చొప్పున ఎక్కుతోంది. కాబట్టి 4.5 మోలార్ దగ్గర అంతా మడతలోనే ఉంటే 91 రావాలి, అంతా విప్పుకుంటే 29 రావాలి. మనకు వచ్చింది 74.5. విప్పుకున్న భాగం = (91 − 74.5) ÷ (91 − 29) = 0.266.

సమతాస్థితి స్థిరాంకం కె అంటే విప్పుకున్న భాగాన్ని మడతలో ఉన్న భాగంతో భాగిస్తే వచ్చేది: 0.266 ÷ 0.734, అంటే 0.363. డెల్టా జి = − ఆర్‌టి × కె సహజ సంవర్గమానం. ఆర్‌టి అంటే వాయు స్థిరాంకం, పరమ ఉష్ణోగ్రతల లబ్ధం; 25 డిగ్రీల దగ్గర దాని విలువ 0.592 కిలోక్యాలరీలు. ఫలితం +0.60. ఇదే వరసలో 5 మోలార్ దగ్గర సున్నా, 5.5 దగ్గర −0.60 వస్తాయి. మీ చేత్తో ఒకసారి కట్టి చూసుకోండి. ఈ మూడు చుక్కల మీదుగా గీత గీస్తే మోలార్‌కి 1.2 వాలు. దీన్నే ఎం విలువ అంటారు. గీత సున్నా యూరియాను తాకేది 6.0 దగ్గర. నీటిలో డెల్టా జి మోల్‌కి 6.0 కిలోక్యాలరీలు. పని అయిపోయింది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆధారరేఖల దగ్గరే. వాటి వాలును పట్టించుకోకుండా, అంతటా 100, 20 అనే అంకెలే వాడామనుకోండి. 4.5 దగ్గర +0.45, 5.5 దగ్గర −0.42 వస్తాయి. ఐదు మోలార్ దగ్గర మాత్రం మళ్లీ సున్నాయే! మధ్యబిందువు (సగం ప్రోటీన్ విప్పుకునే యూరియా గాఢత) చెక్కుచెదరలేదు కాబట్టి తేడా కంటికి ఆనదు. వాలు మాత్రం 0.87కి పడిపోతుంది, నీటిలో డెల్టా జి 6.0కి బదులు దాదాపు 4.3 అవుతుంది. కొలతల్లో ఏ లోపమూ లేకపోయినా కిలోక్యాలరీన్నర పైగా ఎగిరిపోయింది. దిగుడు మొదలవక ముందు, ముగిసిన తర్వాత కూడా తగినన్ని చుక్కలు కొలవమని క్రితం పాఠంలో అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

ఈ పద్ధతికి రెండు షరతులున్నాయి. ప్రోటీన్ మడతలోనో, విప్పుకునో ఉండాలి తప్ప మధ్యలో నిలకడగా ఉండే దశ ఉండకూడదు. యూరియాను పలచన చేస్తే ప్రోటీన్ తిరిగి మడతపడాలి. ఈ రెండోది పరీక్షించకుండా డెల్టా జి రాయకండి. తిరిగి మడతపడని చోట సమతాస్థితే లేదు, లెక్కకు అర్థమే లేదు.

ఎం విలువను మెట్టుగా వాడుకుని వదిలేయకండి. 1995లో మయర్స్, పేస్, షోల్ట్జ్ 45 ప్రోటీన్లను పోల్చి, విప్పుకున్నప్పుడు నీటికి కొత్తగా బయటపడే ఉపరితలం ఎంత ఎక్కువైతే ఎం విలువ అంత పెరుగుతుందని చూపించారు. పెద్ద ప్రోటీన్‌కి మరీ చిన్న ఎం విలువ వస్తే రెండు స్థితుల షరతు మీద అనుమానపడండి.

వచ్చే పాఠానికి అభ్యాసం. ఇదే ప్రోటీన్ లోపలి భాగంలో ఐసోల్యూసిన్ అనే ఒక అమైనో ఆమ్లాన్ని వేలిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మార్చాం. అంటే ఒక్క మెథిలీన్ గుంపు (ఒక కార్బన్, రెండు హైడ్రోజన్‌లు) తగ్గింది. ఆధారరేఖలు మారలేదు. 3.8 మోలార్ దగ్గర 72.5, 4.2 దగ్గర 60, 4.6 దగ్గర 48.2 వచ్చాయి. నీటిలో డెల్టా జి కట్టి, పాతదానితో తేడా తీయండి. తర్వాత అదే తేడాను మరో దారిలో తీయండి: రెండు మధ్యబిందువుల వ్యత్యాసాన్ని రెండు ఎం విలువల సగటుతో గుణించండి. నిజం ప్రయోగాల్లో ఎం విలువలు కొంచెం అటూ ఇటూ ఊగుతాయి కాబట్టి రెండో దారే ఎక్కువ నమ్మకమైనది. ఇలాంటి మార్పులను ఎన్నో ప్రోటీన్లలో చేసి, లోపల దాగిన ఒక్కో మెథిలీన్ గుంపు సగటున 1.1 కిలోక్యాలరీల దాకా స్థిరత్వం ఇస్తుందని పేస్ బృందం లెక్కగట్టింది. మీ జవాబు దానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూసుకోండి. వచ్చే పాఠంలో ఇదే పనిని గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌తో చేద్దాం. అది లవణం కూడా కావడంతో ఎదురయ్యే చిక్కులు వేరు.