రైతు సాయం ఖాతాలో పడనప్పుడు ఏం చేయాలి

అన్నదాత సుఖీభవ పథకం 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలోని తూర్పు వీరాయపాలెంలో మొదలైంది. దీని ప్రకారం అర్హత గల భూయజమాని కుటుంబానికి ఏడాదికి 20,000 రూపాయలు అందాలి. అందులో 6,000 పీఎం కిసాన్ కింద కేంద్రం 2,000 చొప్పున మూడు విడతల్లో ఇచ్చేది, 14,000 రాష్ట్రం ఇచ్చేది. ఈ రెండూ వేర్వేరు జమలు కాబట్టి, ఆగినది ఎవరి వాటా అన్నది పాసుబుక్కులో పద్దులు చూసి ముందుగా తేల్చుకోవాలి.

డబ్బు పడలేదనగానే చాలామంది నేరుగా బ్యాంకుకు వెళ్లి ఒక పూట పోగొట్టుకుంటారు. దానికి బదులు ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుని చేత స్థితి చూపించుకోవడం మేలు. పీఎం కిసాన్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తే భూమి వివరాలు, ఈకేవైసీ (ఆధార్ ద్వారా గుర్తింపు ధ్రువీకరణ), ఆధార్‌తో బ్యాంకు అనుసంధానం అనే మూడింటిలో ఏది పూర్తికాలేదో కనిపిస్తుంది.

ఈ మూడింటిలో రైతును ఎక్కువగా తికమక పెట్టేది బ్యాంకు అనుసంధానమే. సాయం మీరు ఇచ్చిన ఖాతా నంబరును బట్టి కాక, బ్యాంకుల మధ్య చెల్లింపులను నడిపే జాతీయ సంస్థ ఎన్‌పీసీఐ జాబితాలో మీ ఆధార్ నంబరుకు ఎదురుగా ఏ బ్యాంకు నమోదై ఉందో ఆ బ్యాంకుకే చేరుతుంది. పంట రుణం కోసమో గ్యాస్ రాయితీ కోసమో మరొక చోట ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చి ఉంటే, అక్కడి సిబ్బంది చేసిన చివరి నమోదే చెల్లుతుంది. అందువల్ల డబ్బు రాలేదనుకునేవారు వాడకుండా వదిలేసిన పాత ఖాతాల పాసుబుక్కులు కూడా పద్దులు వేయించి చూసుకోవాలి. ఎక్కడా అనుసంధానం లేకపోతే, కావలసిన బ్యాంకులో ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చేయమని స్పష్టంగా రాసి దరఖాస్తు ఇవ్వాలి. ఆధార్ జిరాక్సు ఇచ్చి వచ్చినంత మాత్రాన ఆ పని అయిపోయినట్లు కాదు.

ఈకేవైసీ అంత కష్టం కాదు. నాట్లు, కలుపుతీతలతో వేలిముద్రలు అరిగిన పెద్దలకు ముఖ గుర్తింపు ద్వారా కూడా చేయవచ్చు.

భూమి విషయంలో మాత్రం ఓపిక కావాలి. తండ్రి మరణించినా పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూయజమాని వివరాల రికార్డు) ఆయన పేరునే ఉంచి అన్నదమ్ములు సాగు చేసుకునే కుటుంబాల్లో సాయం ఆగిపోతుంది. మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాలతో వారసత్వ మ్యుటేషన్ (భూమి రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకుని, ఆ తరువాతే వారసులు కొత్తగా నమోదు చేసుకోవాలి. భార్యాభర్తలిద్దరికీ భూమి ఉన్నా కుటుంబానికి ఒక్కరికే వస్తుంది. ఆదాయపు పన్ను కట్టినవారికీ, నెలకు 10,000 లేదా అంతకు మించి పింఛను పొందే విశ్రాంత ఉద్యోగులకూ పీఎం కిసాన్ వర్తించదు. పింఛను నిబంధనలో నాలుగో తరగతి ఉద్యోగులకు మినహాయింపు ఉంది.

పెన్నా డెల్టాలో వరి పండించేవారిలో కౌలుదారులు తక్కువేమీ కాదు. సొంత భూమి లేని కౌలు రైతుకు కేంద్రం వాటా రాదు. రాష్ట్ర సాయానికి సాగు హక్కు పత్రం అవసరం, దాని గడువు 11 నెలలే కాబట్టి ఏటా కొత్తగా తీసుకోవాలి. భూయజమాని సంతకానికి వెనకాడితే, ఆ పత్రం సాగుకే గానీ భూమిపై హక్కుకు ఆధారం కాదని 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం చెబుతున్న విషయాన్ని గ్రామ రెవెన్యూ అధికారి సమక్షంలో ఆయనకు వివరించమని కోరాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా జమ కాకపోతే, రైతు సేవా కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయించి రసీదు తీసుకోవాలి. కేంద్రం వాటా గురించి 155261కు ఫోన్ చేయవచ్చు.