ఖోసా క్లిక్‌లు పలకడం: నాలుక ఎక్కడ ఆనాలి, ఎక్కడ తేడా వస్తుంది

దక్షిణాఫ్రికాలోని ఖోసా, జులూ భాషల్లో క్లిక్‌లు, అంటే నాలుకతో ‘టక్’ మనిపించే హల్లులు, మూడు చోట్ల పుడతాయి. రాతలో వాటికి రోమన్ అక్షరాలు సి, క్యూ, ఎక్స్ వాడతారు. ఒంటరి క్లిక్ తొందరగానే పట్టుబడుతుంది. అదే మాటలో ఇమడాలంటే నోరు తిరగదు. సాధనలో ఎక్కువ భాగం అక్కడే పెట్టాలి.

ముందు గాలి సంగతి. ‘క’ అనబోయి ఆగండి. నాలుక వెనక భాగం మెత్తని అంగిలికి ఆని ఉంటుంది. దాన్ని కదపకుండా నాలుక కొనను కూడా పైన ఆనించండి. మధ్యలో కాస్త గాలి చిక్కుతుంది. నాలుక నడిమి భాగాన్ని కిందికి దించితే ఆ గాలి పలచబడుతుంది. అప్పుడు కొనను వదిలితే బయటి గాలి లోపలికి దూసుకొచ్చి ‘టక్’ మంటుంది. ఇందులో ఊపిరి పీల్చే పనే లేదు. నమ్మకం కుదరకపోతే ‘వాఙ్మయం’లోని ‘ఙ్’ను ముక్కుతో సాగదీస్తూ క్లిక్ కొట్టి చూడండి. ఆ మోత తెగిందంటే మీరు ఊపిరి లాగుతున్నట్టే. తెగకపోతే అనునాసిక క్లిక్ కూడా వచ్చేసినట్టే. రాతలో దాని ముందు ఎన్ ఉంటుంది.

సి క్లిక్‌కి కొన ‘త’ చోట, పై పళ్ల వెనక ఆనాలి. ‘అయ్యో పాపం’ అంటూ నాలుక చప్పరిస్తామే, అదే శబ్దం. క్యూకి కొన ఇంకాస్త వెనక, ‘ట’ చోటికి దగ్గరగా ఉంటుంది కానీ మడవకూడదు, ఒక్కసారిగా వదలాలి. నాలుక నోటి అడుగుకు తగిలి రెండో చప్పుడు వస్తుంటే నాలుకను మరీ బలంగా కిందికి కొడుతున్నారన్నమాట. ఎక్స్‌కి కొన కదలదు, ఒక పక్క అంచు మాత్రమే విడవాలి. కొన కూడా ఊడితే అది క్యూ అయిపోతుంది.

ఇక అచ్చు కలపడం. ‘టక్… అ’ అని మధ్యలో ఖాళీ వస్తుంది, లేదా ‘టక్-క’ అని వెనక ఒక ‘క’ తోక మిగులుతుంది. రెండింటికీ కారణం ఒకటే: వెనక భాగం ఆలస్యంగా విడవడం. ‘అకా’ అని నెమ్మదిగా పలకండి. ‘క’ దగ్గర నాలుక ఆగిన క్షణంలోనే ముందు క్లిక్ కొట్టి, వెంటనే వెనక భాగాన్ని వదిలేయండి. చప్పుడు గట్టిగా రావాలని తాపత్రయపడొద్దు. మామూలు మాటల్లో క్లిక్ చిన్నగానే వినిపిస్తుంది. తర్వాత సి క్లిక్‌కి ‘ఎల’ కలపండి: ఖోసాలో ‘అడగడం’ అని అర్థం. ఎక్స్ క్లిక్‌కి కలిపితే ‘చెప్పడం’.

అక్షరం పక్కన హెచ్ ఉంటే ‘ఖ’లోలా ఊపిరి వదలాలి. ఖోసా అనే పేరే ఎక్స్, హెచ్‌లతో మొదలవుతుంది. మనం రాసే ‘ఖ’ దానికి సర్దుబాటు మాత్రమే. ముందు జి ఉంటే గొంతు మోగాలి, వెంటనే వచ్చే అచ్చులో స్వరం స్థాయి (శ్రుతి) కిందికి దిగాలి. స్థాయి దించకపోతే జి క్లిక్ జి క్లిక్‌లా వినిపించదు. ఇలాంటి రకాలన్నీ కలిపి జులూలో 15, ఖోసాలో 18 క్లిక్‌లు లెక్కకొస్తాయి.

సాధనకు ఊళ్ల పేర్లు బాగా పనికొస్తాయి. మండేలా పెరిగిన కును ఊరి పేరులో మొదటిది ఉత్త క్యూ క్లిక్. పోర్ట్ ఎలిజబెత్‌కు 2021లో పెట్టిన కొత్త పేరు గెబేహా జి-క్యూతో మొదలవుతుంది. చివరి ‘హ’ను గొంతు గీరుకునేలా పలకాలి.