సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ పాఠాలు - 4: ఆరు కోర్ల ఎఫ్ఎక్స్, రెండు కోర్ల ఐ3

పోయిన పాఠంలో పాత హార్డ్‌డిస్క్ ఎంత అరిగిపోయిందో ఎలా కనిపెట్టాలో చూశాం. ఈసారి ప్రాసెసర్. ఒక్కదాన్నే పట్టుకుని వర్ణిస్తే ఎవరికీ ఏమీ ఎక్కదు, పక్కన ఇంకోటి పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది, అందుకని ఒకే సమయంలో, కాస్త అటూఇటూగా ఒకే ధరకి వచ్చిన రెండిటిని తీసుకున్నాను. ఒకటి ఇంటెల్ కోర్ ఐ3-3220, 2012 సెప్టెంబరులో 117 డాలర్లకి వచ్చింది. రెండోది ఏఎండీ ఎఫ్ఎక్స్-6300, మరుసటి నెలలో 132 డాలర్లకి వచ్చింది. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల పాత కంప్యూటర్ల కోసం తిరిగితే ఈ తరం క్యాబినెట్లు మీ కంటపడొచ్చు.

ముందు కాగితం మీద ఉన్నది రాసుకోండి. ఐ3కి 2 కోర్లు (అసలు లెక్కలు చేసే భాగాలు), 4 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 3.3 గిగాహెర్ట్జ్ వేగం, టర్బో (అవసరానికి తనంతట తను వేగం పెంచుకోవడం) లేదు, 3 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ). ఎఫ్ఎక్స్‌కి 6 కోర్లు, 3.5 గిగాహెర్ట్జ్, టర్బోలో 4.1 దాకా వెళ్తుంది, ఎల్3 క్యాష్ 8 ఎంబీ. ఇది చూశాక ఎవరైనా ఎఫ్ఎక్స్ వైపే వెళ్తారు, అమ్మేవాళ్లు కూడా "సిక్స్ కోర్ సార్" అని మొదటి మాటగా అదే చెప్తారు. కానీ ఒకే థ్రెడ్ మీద నడిచే పనిలో ఆ రెండు కోర్ల ఐ3యే ముందుంటుంది. ఎందుకో అర్థమైతే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

పెళ్లివంటలు జరిగే చోటు ఊహించుకోండి. ఐ3 వంటశాలలో ఇద్దరే వంటవాళ్లు, కానీ ఒక్కొక్కరి ముందు రెండేసి పొయ్యిలు. ఒక పొయ్యి మీద పప్పు ఉడికేదాకా చేతులు కట్టుకుని నిలబడకుండా రెండో పొయ్యి మీద పోపు వేస్తాడు. ప్రాసెసర్ కూడా ర్యామ్ నుంచి డేటా వచ్చేదాకా ఖాళీగా ఉంటుంది కదా, ఆ ఖాళీలో రెండో పని నడిపించడమే హైపర్‌థ్రెడింగ్. రెండు పొయ్యిలున్నాయని వంటవాడు ఇద్దరైపోడు, అది గుర్తుపెట్టుకోండి. ఎఫ్ఎక్స్‌లో లెక్క వేరు. అక్కడ మూడు గదులు, వాటినే మాడ్యూల్స్ అంటారు. గదికి ఇద్దరు వంటవాళ్లు, ఎవరి కత్తిపీట వాళ్లదే, కానీ గ్రైండర్ మాత్రం ఇద్దరికీ ఒక్కటే, సరుకులు అందించే కుర్రాడూ (ప్రోగ్రాం ఆదేశాలు తెచ్చి ఇచ్చే భాగం) ఒక్కడే. కూరగాయలు తరగడం అంటే మామూలు పూర్ణాంకాల లెక్కలు, అవి ఎవరికి వాళ్లు చేసుకుంటారు. పిండి రుబ్బడం అంటే దశాంశాల లెక్కలు, అక్కడ ఒకరు రుబ్బుతుంటే రెండోవాడు చాలాసార్లు వంతు కోసం చూడాల్సిందే.

మరి ఇవి ఆరు కోర్లా, మూడా? ఈ గొడవ కోర్టు దాకా వెళ్లింది. ఇదే పద్ధతిలో తయారైన ఎనిమిది కోర్ల ఎఫ్ఎక్స్ చిప్‌ల మీద 2015లో కాలిఫోర్నియాలో దావా వేశారు, 2019లో ఏఎండీ 1.21 కోట్ల డాలర్లకి రాజీ కుదుర్చుకుంది. విండోస్ 10 మాత్రం తన తీర్పు తను ఇచ్చేసింది: ఎఫ్ఎక్స్-6300 ఉన్న మెషీన్లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్తే కోర్లు 3, లాజికల్ ప్రాసెసర్లు 6 అని చూపిస్తుంది. షాపులో నిలబడి అర నిమిషంలో చూసుకోవచ్చు. నన్నడిగితే అవి మూడూ కాదు, ఆరూ కాదు, మధ్యలో ఎక్కడో ఉంటాయి, ఎక్కడ అన్నది చేసే పనిని బట్టి మారుతుంది.

ఇక గిగాహెర్ట్జ్. దాన్ని సెకనుకి ఎన్నిసార్లు చెయ్యి ఆడుతుందో చెప్పే లెక్కగా చూడండి. ఒక్కో ఊపుకి ఎంత పని తెగుతుందో అది చెప్పదు. పని వేగం అంటే ఈ రెండిటి గుణకారం. ఐ3 ఊపులు తక్కువ, కానీ ఊపుకి తెగేది ఎక్కువ, అందుకే 3.3తో 4.1ని దాటగలుగుతోంది. వేరు వేరు డిజైన్ల చిప్‌ల గిగాహెర్ట్జ్ పక్కపక్కన పెట్టి పోల్చడం ఈ రోజు నుంచి మానేయండి. ఒకే కంపెనీ, ఒకే తరం అయితే పోల్చుకోవచ్చు.

మాటలు చాలు, చేత్తో కొలుద్దాం. ఫైళ్లని కుదించే సెవెన్‌జిప్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. టూల్స్ మెనూలో బెంచ్‌మార్క్ ఉంటుంది, అందులో థ్రెడ్ల సంఖ్య 1 పెట్టి నడిపి రేటింగ్ రాసుకోండి. తర్వాత ఉన్న థ్రెడ్లన్నీ పెట్టి (ఐ3కి 4, ఎఫ్ఎక్స్‌కి 6) మళ్లీ నడపండి. మొదటి అంకె మీకు రోజువారీ చురుకుదనం చెప్తుంది: బ్రౌజర్, ఎక్సెల్, టాలీ లాంటివాటిలో ఎక్కువ భాగం ఒకటి రెండు థ్రెడ్ల మీదే ఆధారపడి ఉంటుంది. రెండో అంకె వీడియో ఎక్స్‌పోర్ట్, పెద్ద ప్రోగ్రాం కంపైల్ చెయ్యడం లాంటి మోతపనికి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కోర్లు ఎంతవరకు కోర్లుగా పనిచేస్తున్నాయో తెలుస్తుంది. ఎఫ్ఎక్స్‌లో ఆరు రాలేదని కంగారు పడొద్దు, ఒక్క థ్రెడ్ నడిచేటప్పుడు టర్బో ఎక్కువ ఉంటుంది, అన్నీ నడిచేటప్పుడు తగ్గుతుంది, పైగా సరుకుల కుర్రాడు ఒక్కడే అని చెప్పుకున్నాంగా. ఇంకో సంగతి, సెవెన్‌జిప్ కత్తిపీట పనే చేయిస్తుంది, గ్రైండర్ జోలికి పెద్దగా పోదు. గ్రైండర్ సంగతి చూడాలంటే బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న సీన్ రెండిట్లోనూ రెండర్ చేయించి టైము చూడండి.

ఇప్పుడు నా తెలివితక్కువతనం ఒకటి చెప్తాను. మా తమ్ముడికి ఓ షాపులో ఎఫ్ఎక్స్-6300 క్యాబినెట్ కొన్నాను. అక్కడ మానిటర్ పెట్టి బ్రహ్మాండంగా చూపించారు, ఇంటికొచ్చి పెట్టబోతే మానిటర్ కేబుల్ గుచ్చడానికి వెనక చోటే లేదు! ఎఫ్ఎక్స్‌లో గ్రాఫిక్స్ ఉండదు. వాళ్లు తమ గ్రాఫిక్స్ కార్డు పెట్టి చూపించి, ప్యాక్ చేసేటప్పుడు తీసేసుకున్నారు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఐ3-3220లో హెచ్‌డీ గ్రాఫిక్స్ 2500 ఉంటుంది, ఆటలకి పనికిరాదు గానీ బొమ్మ కనిపిస్తుంది. కాబట్టి ఎఫ్ఎక్స్ ధర అడిగినప్పుడు ఒక కార్డు ధర కలిపి లెక్కేసుకోండి, లేదా బోర్డులోనే గ్రాఫిక్స్ ఉన్న 760జీ చిప్‌సెట్ రకం అడగండి.

కరెంటు సంగతి క్లుప్తంగా: ఐ3 టీడీపీ 55 వాట్లు, ఎఫ్ఎక్స్‌ది 95. టీడీపీ అంటే మీటర్లో తిరిగే అంకె కాదు, కూలర్ ఎంత వేడి లాగెయ్యాలో చెప్పే అంకె, అయినా ఉజ్జాయింపుకి పనికొస్తుంది. 40 వాట్ల తేడా, రోజుకి 5 గంటలు పూర్తి మోతతో నడిస్తే నెలకి 6 యూనిట్లు. బిల్లు కన్నా, మే నెలలో మా గదిలో ఆ ఫ్యాన్ చేసే రొద నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నా లెక్కలో ఇంటికి, చదువుకి, చిన్న దుకాణం లెక్కలకి ఐ3యే. ఇంకో లాభం, అదే సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) రేపు పాత ఐ5-3470 దొరికితే మార్చుకోవచ్చు, దానికి నిజమైన 4 కోర్లు, బోర్డు బయోస్ (మెషీన్ ఆన్ చెయ్యగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) దాన్ని గుర్తిస్తుందో లేదో కొనేముందు ఆ బోర్డు కంపెనీ జాబితాలో చూసుకోండి. వీడియోలు కోసి అతికించే పని ఎక్కువైతే, కార్డుతో సహా అదే ధరకి వస్తే ఎఫ్ఎక్స్ తీసుకోండి, తప్పులేదు. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసుకునే అలవాటున్నా దానివైపే మొగ్గు, ఎందుకంటే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి లెక్కలకి వేరే ఆదేశాలు అందులో ఉన్నాయి, ఈ ఐ3లో లేవు. విండోస్ 11కి రెండిటికీ అధికారిక అర్హత లేదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, కాబట్టి విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడానికి మానసికంగా సిద్ధపడి కొనండి.

ఇంటిపని: మీ దగ్గరున్న ఏ మెషీన్ అయినా సరే, సెవెన్‌జిప్ రెండు అంకెలూ, వాటి భాగహారం, టాస్క్ మేనేజర్ చూపించే కోర్లూ లాజికల్ ప్రాసెసర్లూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి నడపండి. వచ్చే పాఠంలో మదర్‌బోర్డు విప్పి ఉబ్బిన కెపాసిటర్లు వెతుకుతాం, అప్పటికి ఒక స్టార్ స్క్రూడ్రైవర్, చిన్న టార్చి దగ్గర పెట్టుకోండి.