నిజమైన విజ్ఞానం ఆధారంగా సూపర్‌హీరోను సృష్టించడం ఎలా?

సూపర్‌హీరోకు శక్తిని ఇవ్వడం తేలిక. దానికి హద్దులు గీయడమే కష్టం. ఆ హద్దులను రచయిత తనకు తోచినట్లు పెట్టకుండా, శక్తికి మూలమైన విజ్ఞానం నుంచే తీసుకుంటే పాత్ర నమ్మదగినదవుతుంది. దక్షిణ అమెరికా నదుల్లో జీవించే ఎలక్ట్రిక్ ఈల్ అనే చేపను ఆధారంగా తీసుకుని, ఆ పని ఎలా చేయాలో చూద్దాం.

మొదట ఒకే ఒక్క సహజ శక్తిని ఎంచుకుని, అది పనిచేసే తీరును పూర్తిగా చదవాలి. ఈల్ శరీరంలో విద్యుత్తును పుట్టించే కణాలు పరిణామక్రమంలో కండర కణాల నుంచి వచ్చినవే. ఒక్కో కణం ఇచ్చేది సుమారు 0.15 వోల్టులే అయినా, టార్చిలైటులో బ్యాటరీల మాదిరిగా వేల కణాలు వరుసగా అమరి ఉండి, మెదడు ఆజ్ఞ అందగానే ఒక్కసారిగా స్పందించడం వల్ల వోల్టేజీ వందల్లోకి చేరుతుంది. 2019లో శాస్త్రవేత్తలు కొత్త జాతిగా వర్ణించిన ఒక ఈల్‌లో 860 వోల్టులు నమోదయ్యాయి.

తరువాత లెక్క వేయాలి. ఈ మెట్టును దాటేస్తే కథ మొత్తం గాలిలో తేలిపోతుంది. విద్యుత్ ప్రవాహం ఒక ఆంపియరు అనీ, ఒక్కో దెబ్బ సెకనులో 500వ వంతు కాలమే ఉంటుందనీ అనుకుంటే, వెలువడే శక్తి రెండు జౌళ్లకు లోపే. దానితో 10 వాట్ల బల్బు సెకనులో ఐదో వంతు సేపైనా వెలగదు. కాబట్టి మన నాయిక ఊరికి కరెంటు ఇవ్వలేదు, ఇనుప తలుపులను కరిగించలేదు. ఎదుటివారి నరాలను, కండరాలను క్షణకాలం బిగదీయడమే ఆమెకు సాధ్యం. కథకు అది చాలునని నా నమ్మకం.

ఇక ఒక్క అసాధ్యాన్ని మాత్రం అనుమతించి, దానికి మూల్యం నిర్ణయించండి. గోదావరి లంకలో పుట్టిన నూకాలు అనే అమ్మాయి వీపు కండరాలు విద్యుత్ కణాలుగా మారాయని అనుకుందాం. అలా మారిన కణాలు ఇక ముడుచుకోలేవు కనుక, పడవ నడిపే ఇంట పుట్టిన ఆ పిల్ల తెడ్డు వేయలేదు.

బలహీనతను కూడా అక్కడే వెతకాలి. 860 వోల్టుల జాతి లవణాలు తక్కువగా ఉండి, విద్యుత్తు అంత సులువుగా పారని నీటిలో ఉంటుంది. ఉప్పునీటిలో ప్రవాహం చుట్టూ తేలిగ్గా చెదిరిపోయి వోల్టేజీ పడిపోతుంది. అందువల్ల రాజమహేంద్రవరం దగ్గర నూకాలుకు ఉన్న బలం సముద్రం కలిసే అంతర్వేది దగ్గర ఉండదు. పోటు వేళ ఉప్పునీరు పైకి ఎక్కినకొద్దీ ఆమె ఇంకా బలహీనపడుతుంది. ఈ సంగతి ప్రతినాయకుడికి తెలిసిననాడు కథ దానంతట అదే నడుస్తుంది.

చివరగా, బలంతో కాక తెలివితో గెలిచే ఒక సన్నివేశం రాయండి. దాక్కున్న చేప ఉలిక్కిపడేలా ఈల్ వెంటవెంటనే రెండు దెబ్బలు వదిలి, ఆ కదలికను బట్టి దాని చోటు కనిపెడుతుందని జీవశాస్త్రవేత్త కెనెత్ కటానియా 2014లో ప్రయోగాలతో చూపారు. బురదనీటిలో ఊపిరి బిగబట్టి దాగిన శత్రువును నూకాలు సరిగ్గా ఇలాగే పట్టుకోవచ్చు.